‘ఇంజెక్షన్ వికటించి...’

మా అమ్మకు గుండె దడ వచ్చిన రోజు మానిటర్ మీద అంకె 186 చూపిస్తోంది. ఆటోలో తీసుకొచ్చేసరికే చీర కొంగు చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు ఈసీజీ కాగితాన్ని రెండు చేతులా సాగదీసి చూశాడు. ఉబ్బసం ఉందా, ఫిట్స్ మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగాడు. చివరగా, "కాఫీ ఎప్పుడు తాగారమ్మా?" అన్నాడు. ప్రాణం మీదికొస్తే కాఫీ సంగతి అడుగుతాడేమిటని అమ్మ నా వైపు చూసింది. ఆయన మోచేతి మడతలో లావుపాటి క్యాన్యులా పెట్టించి, రెండు సిరంజిలు సిద్ధం చేసుకున్నాడు. ఒకదానిలో మందు, రెండోదానిలో సెలైన్. "ఇప్పుడు కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. పోదు. నేనిక్కడే ఉంటాను" అని చెప్పి, రెండింటినీ ఒకదాని వెంట ఒకటి ఒక్క ఊపున తోసేశాడు. మానిటర్ మీద గీత సాపుగా సాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక గుట్టలాంటి గీత లేచింది. మళ్లీ ఖాళీ. ఆ తర్వాత వరుసగా కొట్టుకోవడం మొదలైంది. అంకె 84కు దిగింది.

"బావిలో పడి తేలినట్టుంది" అంది అమ్మ.

నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఆ మందు పేరు అడినొసిన్ అనీ, అది చేయబోయేది సరిగ్గా ఇదేననీ నాకు తెలుసు. అయినా ఆ నాలుగు సెకన్లు కాళ్లు వణికాయి. తలుపు దగ్గర నిలబడి చూసిన మా బాబాయి అయితే ఈనాటికీ "ఆ రోజు వదినకు ఇంజెక్షన్ వికటించింది, అదృష్టం కొద్దీ బయటపడింది" అనే చెబుతాడు.

ఆ మాటతోనే నాకు పేచీ. ‘ఇంజెక్షన్ వికటించి వ్యక్తి మృతి’ అనే శీర్షిక మనకు అలవాటైపోయింది. ఏ మందు, ఎంత, ఎక్కడ పొడిచారు, ఎంత వేగంగా ఎక్కించారు, అంతకుముందు రోగి పరిస్థితి ఏమిటి అన్న ప్రశ్నలన్నిటినీ ఆ ఒక్క క్రియాపదం మింగేస్తుంది. మందు తన పని తాను చేసినా వికటించినట్టే, నర్సు తొందరపడినా వికటించినట్టే, ఒంట్లో లవణాలు అడుగంటి ఉన్నా వికటించినట్టే, రోగమే చంపినా వికటించినట్టే. అత్యవసర మందుల విషయంలో ఈ ముడి మరీ చిక్కుపడుతుంది. అవి గుండె మీద చూపే దుష్ప్రభావం చాలాసార్లు వేరే ప్రభావమేమీ కాదు. ప్రాణం నిలబెట్టే చర్యే, కాస్త తప్పిన చోట, తప్పిన వేగంలో, తప్పిన మనిషికి జరిగితే దుష్ప్రభావం అవుతుంది.

గుండెకే ఎందుకు అంటే, ముందు దారి చూడాలి. చేతి సిరలో ఎక్కించిన మందు మెదడుకో మూత్రపిండానికో వెళ్లే ముందు గుండె గదుల్లోకి చేరుతుంది. వేగంగా తోస్తే పలచబడకుండానే చేరుతుంది. పైగా గుండె విద్యుత్తుతో నడిచే కండరం. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు కణం లోపలికీ బయటికీ రాకపోకలు సాగిస్తేనే అది ముడుచుకుంటుంది, సడలుతుంది. ఆ లయను వేగం చేసే నరాలూ నెమ్మది చేసే నరాలూ వేరు. క్యాజువాలిటీ ట్రేలో ఉండే మందుల్లో ఎక్కువ భాగం ఈ అయాన్ల మీదో, ఈ నరాల సంకేతాల మీదో పనిచేసేవే.

అడినొసిన్‌నే తీసుకుందాం. గుండె పైగదులకూ కింది గదులకూ మధ్య విద్యుత్ సంకేతం దాటే ద్వారం ఒకటుంది, ఏవీ నోడ్ అంటారు. మా అమ్మకు వచ్చిన రకం దడలో సంకేతం ఆ ద్వారం చుట్టూ గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అడినొసిన్ ఆ ద్వారాన్ని కొన్ని సెకన్లు మూసేస్తుంది. దారి లేక ఎద్దు ఆగిపోతుంది, గుండె అసలు లయ మళ్లీ పగ్గం అందుకుంటుంది. ఈ మందు రక్తంలో సగానికి సగం పది సెకన్లలోపే మాయమవుతుంది కాబట్టి నెమ్మదిగా ఎక్కిస్తే గుండెకు చేరేలోపే ఖర్చయిపోతుంది. అందుకే లావు సూది, వెనకే సెలైన్. కాఫీలోని కెఫీన్ అడినొసిన్ కూర్చోవలసిన పీటమీద తాను కూర్చుంటుంది, మందు పారదు. ఆ ప్రశ్న అందుకు. ఉబ్బసం ఉన్నవారికి దీనితో శ్వాసనాళాలు బిగుసుకోవచ్చు. కొందరికి పుట్టుకతోనే పైగదుల నుంచి కింది గదులకు ఒక దొడ్డిదారి ఉంటుంది. అలాంటివారికి పైగదులు క్రమం తప్పి కొట్టుకుంటున్న సమయంలో ఈ మందు ఇస్తే, అసలు ద్వారం మూసుకుని సంకేతాలన్నీ దొడ్డిదారిన పడి ప్రాణాంతకం కావచ్చు. డాక్టరు ఈసీజీ కాగితాన్ని అంతసేపు చూసింది దానికోసమే. గీత సాపు కావడం దుష్ప్రభావమా, చికిత్సా? ఆ నాలుగు సెకన్లకు రెండు పేర్లూ సరిపోతాయి.

ఇక అడ్రినలిన్. ఈ చిన్న గాజు యాంప్యూల్‌లో ఒక మిల్లీలీటరు ద్రవం, అందులో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. పైన 1:1000 అని రాసి ఉంటుంది. ఇద్దరు రోగులను ఊహించండి. ఒకరికి పాముకాటు విరుగుడు ఎక్కిస్తుండగా ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుని, బీపీ పడిపోతోంది. గుర్రం రక్తం నుంచి తయారయ్యే ఆ విరుగుడుతో ఇలాంటి అలర్జీ అరుదేమీ కాదు. ఈ రోగికి పెద్దవారైతే అర మిల్లీగ్రాము, అంటే సగం యాంప్యూల్, తొడ బయటి వైపు కండరంలో ఇవ్వాలి. రెండో రోగికి గుండె ఆగిపోయింది, ఛాతీ నొక్కుతున్నారు. ఇతనికి మొత్తం యాంప్యూల్ సిరలోకి, మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి. మందు ఒకటే, ట్రే ఒకటే, తొందర ఒకటే. ఇప్పుడు రెండో రోగికి ఇవ్వవలసిన పద్ధతిలో మొదటి రోగికి ఇచ్చారనుకోండి. కొట్టుకుంటున్న గుండెకు ఒక్కసారిగా అంత అడ్రినలిన్ తగిలితే బీపీ ఆకాశానికి లేస్తుంది, గుండె రక్తనాళాలు బిగుస్తాయి, కింది గదులు సొంత లయలో పరుగెత్తుతాయి. కొందరికి గుండెపోటు, ఇంకొందరికి మెదడులో రక్తస్రావం. ఇవి వైద్య సాహిత్యంలో పదేపదే నమోదైన పొరపాట్లు.

ఈ పొరపాటులో ఆ నిష్పత్తి లెక్కకూ వాటా ఉంది. 1:1000 అంటే వెయ్యి మిల్లీలీటర్లలో ఒక గ్రాము, 1:10,000 అంటే దానికి పదింతలు పలచన. రోగి ఊపిరందక కొట్టుకుంటున్నప్పుడు సున్నాలు లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది? అమెరికాలో 2016 నుంచి ఈ ఇంజెక్షన్ లేబుళ్ల మీద నిష్పత్తులు తీసేసి, మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో నేరుగా రాయిస్తున్నారు.

దీనికి రెండో పార్శ్వం ఉంది, మన దగ్గర అదే ఎక్కువ నష్టం చేస్తోందని నా అభిప్రాయం. అడ్రినలిన్ అంటే గుండె ఆగిపోతుందన్న భయంతో తీవ్రమైన అలర్జీలో కూడా దాన్ని పక్కన పెట్టి, ముందు ఎవిల్ అనే అలర్జీ మందు, దాని వెనక హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి ఎదురుచూసేవారు ఉన్నారు. ఎవిల్ దురద తగ్గిస్తుంది, పడిపోతున్న బీపీని లేపలేదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. తొడ కండరంలో సరైన మోతాదులో ఇచ్చిన అడ్రినలిన్‌తో ఒళ్లు వణుకుతుంది, ముఖం పాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, ఏదో ఆందోళన కమ్ముకుంటుంది. కాసేపట్లో తగ్గిపోతాయి. వాటికి భయపడి ఆలస్యం చేస్తే పోయేది ప్రాణం. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు (అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునేవి) వాడేవారిలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు, కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి.

మరి గుండె ఆగినవారికి అడ్రినలిన్ ఎంత మేలు చేస్తుంది? దశాబ్దాలపాటు ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఇది. బ్రిటన్‌లో అంబులెన్స్ సిబ్బంది ఆసుపత్రి బయట గుండె ఆగిపోయిన ఎనిమిది వేల మందికి పైగా రోగుల్లో సగం మందికి అడ్రినలిన్, మిగతా సగానికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నెల తర్వాత బతికి ఉన్నవారు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, సెలైన్ వర్గంలో 2.4 శాతం. కానీ ఆ బతికినవారిలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవారు అడ్రినలిన్ వర్గంలో 31 శాతం, సెలైన్ వర్గంలో 17.8 శాతం. అడ్రినలిన్ గుండెను మళ్లీ కొట్టించగలదు. అప్పటికే ప్రాణవాయువు అందక దెబ్బతిన్న మెదడును వెనక్కి తేలేదు. మందు వాడకం ఆగిపోలేదు, ఆగనవసరమూ లేదు. ఆ అంకెలు చెప్పేది ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం ఎంత ముందు మొదలవ్వాలనే సంగతి.

అలర్జీ దగ్గర ఇంకొక మెలిక. అలర్జీయే నేరుగా గుండె రక్తనాళాలను బిగించి గుండెపోటు తేగలదు. గ్రీస్ వైద్యుడు కూనిస్ 1991లో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. అంటే ఒక యాంటీబయోటిక్ సూది తర్వాత ఛాతీ నొప్పి వచ్చి, అడ్రినలిన్ ఇచ్చాక ఈసీజీ మారితే, దోషి యాంటీబయోటిక్కా, అలర్జీయా, అడ్రినలినా? తెల్లకోటు వేసుకున్నవారే తలపట్టుకునే ప్రశ్న. వికటించింది అనేస్తే ఎంత సులువో చూడండి.

ఇంతకన్నా నిశ్శబ్దమైన ప్రమాదం ఒకటుంది. అది మానిటర్ మీద సాపు గీతలా కనిపించదు, ఈసీజీలో రెండు చుక్కల మధ్య కొలిచే దూరంలో దాక్కుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కణాలు మళ్లీ ఛార్జి కావాలి. ఆ సమయాన్ని క్యూటీ వ్యవధి అంటారు. పొటాషియం అయాన్లు కణం బయటికి వెళ్లే గేట్లను కొన్ని మందులు అడ్డుకుంటాయి. అప్పుడు ఛార్జింగ్ ఆలస్యమవుతుంది. ఇంకా పూర్తికాకముందే తర్వాతి సంకేతం వచ్చి పడితే కింది గదులు అడ్డదిడ్డంగా కొట్టుకుంటాయి. ఈసీజీ గీత పురి తిప్పిన తాడులా మెలికలు పడుతూ కనిపిస్తుంది. ఫ్రెంచి వైద్యుడు దెసెర్తెన్ 1966లో దానికి ‘మొనల మెలిక’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కొన్నిసార్లు దానంతటదే సర్దుకుంటుంది, రోగి కళ్లు తిరిగి పడి లేస్తాడు. సర్దుకోకపోతే లేవడు.

ఈ గుణం ఉన్న మందులు వింత మందులేమీ కావు. వాంతులకు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, కేకలు వేస్తూ తిరగబడే రోగిని శాంతపరచడానికి ఇచ్చే హాలోపెరిడాల్, యాంటీబయోటిక్‌లైన అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్. వీటిలో ఏ ఒక్కటీ మామూలు మోతాదులో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెద్ద ముప్పు కాదు. నాలుగు మిల్లీగ్రాముల వాంతుల ఇంజెక్షన్ ఇచ్చారని ఎవరూ గాభరా పడనక్కర్లేదు. ఒక్కసారిగా 32 మిల్లీగ్రాములు సిరలో ఇచ్చే పద్ధతిని మాత్రం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఆపించింది, ఒక విడతకు 16 దాటకూడదంది. ప్రమాదం కూడికలో ఉంది. మూడు రోజులుగా వాంతులూ విరేచనాలతో పొటాషియం కారిపోయిన డెబ్బయ్యేళ్ల ముసలమ్మ. బీపీకని నీరు తీసే మాత్ర వాడుతోంది. ఏళ్ల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుని మెగ్నీషియం కూడా తగ్గించుకుంది. ఆమెకు వాంతుల ఇంజెక్షన్, లెవోఫ్లాక్సాసిన్ బాటిల్, రాత్రి కలవరిస్తోందని హాలోపెరిడాల్. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ తప్పు కాదు. అన్నీ కలిసి గుండెను అంచుకు నెడతాయి. ఆడవారిలో ఈ ముప్పు మగవారికంటే ఎక్కువ. క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటితే డాక్టర్లు ఉలిక్కిపడతారు. లయ తప్పినప్పుడు విరుగుడు చాలా చవకైనది, సిరలోకి రెండు గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. మనం ఇలాంటి ముసలమ్మలకు ముందుగా ఒక ఈసీజీ, ఒక పొటాషియం పరీక్ష చేయించడానికి బద్ధకిస్తాం, ఆ తర్వాత మందును తిడతాం.

లయ సరిచేసే మందులే లయ తప్పిస్తాయన్నది వైద్యరంగం బాధపడి నేర్చుకున్న పాఠం. గుండెపోటు తర్వాత గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకుంటుంటే దాన్ని మందులతో అణిచేస్తే ప్రాణం నిలుస్తుందని 1980లలో గట్టిగా నమ్మేవారు. తర్కానికి ఏ లోటూ లేదు. కాస్ట్ అనే పరీక్షలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే లయ మందులు ఇచ్చిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 743 మందిలో 26 మంది చనిపోయారు. ఈసీజీ శుభ్రంగా కనిపించింది, మనుషులు పోయారు. అప్పటినుంచి ఈసీజీ బాగుపడిందన్న సాక్ష్యం ఒక్కటీ చాలదు.

వేగం సంగతికి వద్దాం. మూర్ఛ ఆగకుండా వస్తున్నవారికి ఫెనిటోయిన్ ఇస్తారు. కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి 1,200 మిల్లీగ్రాములు. నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం, అంటే కనీసం 24 నిమిషాలు. వయసు మీరినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి ఇంకా నిదానంగా. ఫెనిటోయిన్ నీళ్లలో కరగదు కనుక ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకంలో కలిపి అమ్ముతారు. గబగబా తోస్తే మందూ ద్రావకమూ కలిసి బీపీని పడగొడతాయి, గుండెను నెమ్మదింపజేస్తాయి, ఆపేయనూ వచ్చు. మూర్ఛతో కొట్టుకుంటున్న మనిషి పక్కన నిలబడి, "తొందరగా ఇవ్వండి సిస్టర్" అని అరుస్తున్న బంధువుల మధ్య 24 నిమిషాలు నిదానంగా మందు ఎక్కించడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవారికే తెలుసు. ఆ నిదానమే అక్కడ చికిత్స.

పొటాషియం క్లోరైడ్ మరీ కఠినం. పది మిల్లీలీటర్ల యాంప్యూల్, నీళ్లలాగే ఉంటుంది. పలచన చేసి గంటల తరబడి ఎక్కించవలసినది. గుండె ఆపరేషన్లలో గుండెను కావాలని ఆపడానికి వాడే ద్రావణంలో ప్రధాన సరుకు ఇదే. ఆ యాంప్యూల్‌ను డిస్టిల్డ్ వాటర్ అనుకుని సిరలోకి నేరుగా తోసిన ఘటనలు ప్రపంచమంతటా జరిగాయి. దానిని వార్డు అలమారాలో మిగతా మందుల పక్కన ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. దీన్ని దుష్ప్రభావం అనడం నాకు నచ్చదు, ఇది అలమారా సర్దడంలో ఉన్న లోపం.

మన ఊళ్ల నుంచి వచ్చే అత్యవసర కేసుల్లో మందు అర్థాన్ని తారుమారు చేసే జంట ఒకటుంది, పురుగుల మందు తాగినవారూ, తేలు కుట్టినవారూ. ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయి వస్తారు, ఇద్దరికీ నోట్లో నురగ వస్తుంది, ఇద్దరికీ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పైకి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటారు.

పత్తి చేల మీద కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు తాగితే, శరీరాన్ని నెమ్మదింపజేసే నరాల సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. గుండె నెమ్మదిస్తుంది, స్రావాలు ఊరి ఊరి రోగి తన ఊపిరితిత్తుల్లో తానే మునిగిపోతాడు. అట్రోపిన్ ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఒక్కో యాంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. మూడు నుంచి ఐదు యాంప్యూళ్లతో మొదలుపెట్టి, సరిపోకపోతే ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేసుకుంటూ పోతారు. తెల్లవారేసరికి ట్రేలో విరిచిన గాజు తలలు గుప్పెళ్ల కొద్దీ పోగుపడతాయి. ఊపిరితిత్తులు శుభ్రపడాలి, బీపీ నిలబడాలి, నాడి 80 దాటాలి. అక్కడితో ఆగదు, నాడి 120కో 130కో చేరుతుంది. మానిటర్ వైపు చూసి బంధువులు, "మందు ఎక్కువైనట్టుంది, గుండె పేలిపోతుందేమో" అంటారు. ఆ భయం వైద్యుల్లోనూ ఉంటే మోతాదు తగ్గిపోతుంది, రోగి మళ్లీ మునుగుతాడు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రెండు పద్ధతులు పోల్చి 2012లో ప్రచురించారు. పాత పద్ధతిలో 22.5 శాతం మంది చనిపోతే, రెట్టింపు చేసుకుంటూ పోయి ఆ తర్వాత డ్రిప్‌గా ఇచ్చిన పద్ధతిలో 8 శాతం. అలాగని హద్దు లేదని కాదు. జ్వరం కాసి, కడుపు కదలికలు ఆగి, రోగి దుప్పటి దారాలు పీకుతూ గాలిలో ఏదో పట్టుకోబోతున్నాడంటే మందు నిజంగానే ఎక్కువైంది, కాసేపు ఆపాలి. అది నాడి అంకె ఒక్కటి చూసి చెప్పగలిగేది కాదు. విచిత్రం ఏమిటంటే, అట్రోపిన్ అర మిల్లీగ్రాముకన్నా తక్కువ ఇస్తే గుండె వేగం పెరగడానికి బదులు తగ్గవచ్చు. పిరికి మోతాదు అసలుకే ఎసరు పెడుతుంది.

ఇప్పుడు తేలు. ఎర్ర తేలు విషం నరాల చివరల నుంచి, అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ జాతి రసాయనాలను వరదలా వదిలిస్తుంది. కాళ్లూ చేతులూ మంచులా చల్లబడతాయి, రక్తనాళాలు బిగుస్తాయి, ఆ ఒత్తిడికి గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లోకి నీరు తన్నుకొస్తుంది. చెమటా నురగా చూసి ఇక్కడ కూడా అట్రోపిన్ ఇస్తే? మిగిలి ఉన్న ఒక్క బ్రేకును కూడా తీసేసినట్టే. అక్కడ ప్రాణం పోసిన సిరంజి ఇక్కడ ప్రాణం తోడేస్తుంది.

తేలుకాటుకు దారి చూపింది మహారాష్ట్రలోని మహాడ్ పట్టణానికి చెందిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. కొంకణ పల్లెల నుంచి వచ్చే రోగుల మంచం పక్కన కూర్చుని గమనించి, బీపీకి వాడే ప్రాజోసిన్ అనే చవక మాత్ర ఆ బిగుసుకుపోయిన రక్తనాళాలను వదులు చేస్తుందని చూపించారు. ఒకప్పుడు ఎంతోమందిని, ముఖ్యంగా పిల్లలను, బలి తీసుకున్న తేలుకాటు ఆ మాత్రతో చాలావరకు లొంగింది. ప్రాజోసిన్‌కు తేలు విరుగుడు మందు కూడా జోడిస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో 70 మంది రోగులపై చేసిన పరీక్షలో చూపారు. పది గంటల్లో పూర్తిగా కోలుకున్నవారు విరుగుడు జోడించిన వర్గంలో 35కు 32 మంది, మాత్ర ఒక్కటే ఇచ్చినచోట 35కు 8 మంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ ప్రాజోసిన్‌కూ ఒక పేచీ ఉంది. మొదటి మోతాదు తర్వాత లేచి నిలబడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలబడవచ్చు. పడుకోబెట్టే ఉంచాలి. పల్లె ఆసుపత్రిలో మాత్ర వేయించి, పెద్దాసుపత్రికని పిల్లవాణ్ణి బైకు మీద ఇద్దరి మధ్య నిటారుగా కూర్చోబెట్టి తీసుకెళితే దారిలోనే తల వాల్చేయవచ్చు. అప్పుడు కూడా మనం మాత్ర వికటించిందనే అంటాం. 108కు ఫోన్ చేసి పడుకోబెట్టి తీసుకెళ్లడం ఆ మందు మోతాదులో భాగమే అనుకోవాలి.

ఆయాసం రోగుల గురించి క్లుప్తంగా. నెబులైజర్‌లో పెట్టే సాల్‌బ్యుటమాల్‌తో చేతులు వణకడం, దడ రావడం మామూలే. అది రక్తంలోని పొటాషియంను కణాల్లోకి తోసేస్తుంది కూడా. అందుకే పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన మూత్రపిండాల రోగులకు అదే మందును విరుగుడుగా వాడతారు. డెరిఫిలిన్ పేరుతో తెలిసిన థియోఫిలిన్ జాతి ఇంజెక్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. థియోఫిలిన్‌లో పనిచేసే మోతాదుకూ గుండె లయ తప్పించే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కలిస్తే రక్తంలో దాని పాళ్లు పెరుగుతాయి. పొగతాగేవారిలో అది త్వరగా ఖర్చవుతుంది. కాబట్టి చుట్ట మానేసిన తాతగారికి పాత మోతాదే ఎక్కువ కావచ్చు. మంచి పని చేసినందుకు శిక్ష!

ఇళ్లలో ఉండే అత్యవసర మందు ఒకటి మిగిలింది. ఛాతీ నొప్పి రాగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోమని వాట్సాప్ సందేశాలు తిరుగుతుంటాయి. సార్బిట్రేట్ రక్తనాళాలను వెడల్పు చేసి నొప్పి తగ్గిస్తుంది, గుండె రక్తనాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించదు. గుండె కుడి భాగం దెబ్బతిన్న గుండెపోటులో ఆ గుండె పూర్తిగా సిరల నుంచి వచ్చే రక్తం మీదే ఆధారపడి ఉంటుంది. అక్కడ ఈ మాత్రతో బీపీ కుప్పకూలవచ్చు. వయాగ్రా జాతి మాత్ర వేసుకున్నవారికి కూడా అంతే, సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ ముట్టకూడదు. పక్కన భార్యాపిల్లలు ఉంటే ఈ సంగతి నోరు విప్పి చెప్పేవారు ఎంతమంది? డాక్టరు బంధువులను బయటికి పంపి అడిగితే విసుక్కోకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎక్కుతుండగా మానిటర్ మీద లయ కాసేపు వింతగా మారితే, చాలాసార్లు అది మూసుకున్న నాళం తెరుచుకుందనడానికి గుర్తు. గది బయట కిటికీలోంచి చూసేవారికి అది సరిగ్గా తిరగబడినట్టే కనిపిస్తుంది.

అనుమానం వస్తే ఏం చేయాలి? మన దేశంలో మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టర్లే కాదు, రోగులూ బంధువులూ కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఆ ఫారం ఒకసారి చూడండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, మోతాదు, ఏ మార్గంలో ఇచ్చారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఆపాక లక్షణం తగ్గిందా, అదే సమయంలో ఇంకే మందులు వాడుతున్నారు అని వరుసగా గళ్లు ఉంటాయి. ‘ఇంజెక్షన్ వికటించింది’ అని రాయడానికి అందులో గడి లేదు. మా బాబాయికి ఆ ఫారం చూపించాను. కాఫీ గురించి కూడా అడుగుతారా అన్నాడు.